గిన్నెడు బీరుకు టీకాతాత్పర్యం

ఇంట్లో బీరు చేసేవాళ్ళు తమ వంటను రాసిపెట్టుకునే తీరు అచ్చం సూత్రగ్రంథాల తీరే. పది ముక్కల్లో అంతా అయిపోతుంది. తెలిసినవాడికి అంతకన్నా అక్కర్లేదు, తెలియనివాడికి ఒక్క ముక్కా మింగుడుపడదు. సూత్రం ఉన్నచోట వ్యాఖ్య ఉండాలి. అందుకే అలాంటి పాఠం ఒకటి నేనే కూర్చి, ముక్కముక్కకూ వ్యాఖ్యానం చెబుతున్నాను.

పాఠాన్ని అమెరికాలోని అపార్ట్‌మెంట్ వంటింటికి సరిపడేలా కూర్చాను. అక్కడ ఈ పనికి చట్టం ఒప్పుకుంటుంది. జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేసిన బిల్లు 1979 ఫిబ్రవరి నుంచి అమలై, ఇంటి బీరు మీద ఫెడరల్ పన్ను ఎత్తేసింది. పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు గానీ అంతకు మించి గానీ ఉంటే 200 గాలన్లు హద్దు. రాష్ట్రాలు ఒక్కొక్కటే దారికొచ్చాయి. అందరికన్నా వెనక, 2013లో, అలబామా, మిసిసిపీ ఒప్పుకున్నాయి. ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్ళిన మన కుర్రాళ్ళలోనూ ఈ సరదా పట్టుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు ముందుగా అడిగేది "సామాను ఎంత కొనాలి?" అని. గిన్నె కొనక్కర్లేదు, థర్మామీటరు కొనాలి అన్నదే ఈ వ్యాఖ్యానమంతా.

మూలం ఇది:

పేల్ మాల్ట్ కిలో, నలగ్గొట్టినది. మంచినీళ్ళు ఆరున్నర లీటర్లు. ఐదు లీటర్లు 71 డిగ్రీలకు కాచి, సంచి దింపి, మాల్ట్ పోసి, 67లో గంట. సంచి ఎత్తి, మిగతా నీళ్ళలో ముంచి, పిండు. మూత లేకుండా గంట మరుగు. కాస్కేడ్ 8 గ్రాములు మొదట, 5 చివరి పది నిమిషాలకు, 10 పొయ్యి ఆపాక. ఐసులో పెట్టి 18కి చల్లార్చు. బకెట్‌లో పోసి, ఊపి, ఈస్ట్ 3 గ్రాములు. 18–20లో రెండు వారాలు. లీటరుకు 6 గ్రాముల పంచదారతో సీసాలకెత్తు. మరో రెండు వారాలు.

ఇక వ్యాఖ్య.

"పేల్ మాల్ట్ కిలో"

మాల్ట్ అంటే నానబెట్టి, మొలకలెత్తించి, మొలక ముదరకముందే వేడిగాలికి ఆరబెట్టిన బార్లీ. మొలక వచ్చేటప్పుడు గింజ తనలోని పిండిని చక్కెరగా మార్చుకోవడానికి ఎంజైములు తయారుచేసుకుంటుంది. ఆ ఎంజైములు సిద్ధమయ్యాక, పిండి ఇంకా ఖర్చు కాకముందు, గింజను ఆపేస్తారు. కొనుక్కునేది ఆ ఆగిపోయిన గింజనే. తాటికల్లుకు ఈ తతంగం ఏదీ లేదు. గెలలో ఊరే నీరాలో చక్కెర సిద్ధంగా ఉంటుంది, గాలిలోని ఈస్ట్ తగిలితే చాలు. ధాన్యంలో ఉన్నది పిండి. ఈస్ట్ పిండిని తినలేదు. అందుకే బీరుకు వంట కావాలి, కల్లుకు అక్కర్లేదు.

ఈ వంట తప్పించుకోవాలనుకునేవాళ్ళకు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని పాకం డబ్బాలు దొరుకుతాయి. నీళ్ళలో కలిపి మరిగించడమే. చెడ్డ బీరేమీ కాదు. కాకపోతే ఆ పాకం చిక్కగా ఉండాలా, పలచగా ఉండాలా అన్నది డబ్బా వాడు ముందే తేల్చేస్తాడు. గింజతో మొదలుపెడితే ఆ తీర్పు మన చేతిలో ఉంటుంది.

కిలోయే ఎందుకు? అమెరికాలో ఇంటి బీరు పుస్తకాలు చాలావరకు 5 గాలన్ల లెక్కతో, అంటే దాదాపు 19 లీటర్లకు రాస్తారు. దానికి నాలుగైదు కిలోల మాల్ట్, 30 లీటర్లు పట్టే గిన్నె, దాన్ని మరిగించగల గ్యాస్ బర్నరు, బర్నరు పెట్టుకోవడానికి పెరడు కావాలి. అపార్ట్‌మెంట్‌లోని కరెంటు పొయ్యి అన్ని నీళ్ళను మరుగుకు తేలేక నీరసపడిపోతుంది. సామాను తక్కువైనవాళ్ళు చెయ్యాల్సింది సామాను పెంచుకోవడం కాదు, లెక్క తగ్గించుకోవడం. 4 లీటర్ల బీరుకు కిలో మాల్ట్ చాలు. సాంబారు పెట్టే 8 క్వార్టుల స్టీలు గిన్నె, అంటే ఏడున్నర లీటర్లది, ఇంట్లో ఉండే ఉంటుంది.

దీనికో ఆక్షేపణ ఉంది. పది సీసాల కోసం ఐదు గంటలు నిలబడాలా, అదే ఐదు గంటల్లో యాభై సీసాలు వస్తాయి కదా అని. నిజమే. డబ్బు కలిసొస్తుందని ఈ పనిలోకి దిగేవాళ్ళు గిన్నె కడిగి బోర్లించి, దుకాణానికి వెళ్ళడం మంచిది. నేర్చుకోవాలనుకునేవాళ్ళకు మాత్రం చిన్న వంటే మేలు. చెడితే పది సీసాలే చెడతాయి.

"నలగ్గొట్టినది"

పిండి కాదు. పొట్టు పొట్టుగానే ఉండి, లోపలి గింజ మూడు నాలుగు ముక్కలై, కాస్త రవ్వ రాలాలి. ఇంటి బీరు సామాను అమ్మే దుకాణంలో మరలో వేసి ఇస్తారు. సంచి పద్ధతిలో ఇంకాస్త మెత్తగా పట్టినా నష్టం లేదు, వడకట్టే పని గుడ్డది కాబట్టి. రెండోసారి మర తిప్పమని అడగడం మామూలే. కిలోయే కదా అని మిక్సీలో వేసేవాళ్ళున్నారు. రెండు క్షణాలు తిప్పి ఆపి, కదిపి, మళ్ళీ రెండు క్షణాలు తిప్పితే పనికొస్తుంది. ఏమరుపాటున ఒక్క నిమిషం తిప్పారా, అది ఉప్మాకు పనికొస్తుంది, బీరుకు రాదు.

"మంచినీళ్ళు ఆరున్నర లీటర్లు"

4 లీటర్ల బీరుకు ఆరున్నర ఎందుకంటే లెక్క ఇలా ఉంటుంది. కిలో మాల్ట్, పిండిన తరవాత కూడా, అర లీటరుకు పైగా తాగేస్తుంది. గంట మరిగితే లీటరున్నర దాకా ఆవిరవుతుంది. గిన్నె అడుగున మడ్డితో పాటు మరో మూడు వందల మిల్లీలీటర్లు పోతాయి. పొయ్యిని బట్టి, గిన్నె మూతి వెడల్పును బట్టి ఆవిరి లెక్క మారుతుంది. మొదటిసారి వండే ముందు ఉత్త నీళ్ళు గంట మరిగించి ఎంత తగ్గాయో కొలుచుకుంటే ఆ తరవాత లెక్క తప్పదు.

"మంచి" అన్న మాట గట్టిది. అమెరికా నగరాల్లో కుళాయి నీళ్ళలో క్లోరిన్ గానీ క్లోరమిన్ గానీ ఉంటుంది. క్లోరిన్ మరిగిస్తే పోతుంది, క్లోరమిన్ అంత తేలిగ్గా పోదు. అది మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిస్తే బీరుకు ఆసుపత్రి వాసన వస్తుంది, ఎంత నిల్వపెట్టినా తగ్గదు. దాన్ని పోగొట్టే క్యాంప్‌డెన్ బిళ్ళ ఒక్కటి 20 గాలన్ల నీళ్ళకు సరిపోతుంది కాబట్టి ఈ వంటకు చిన్న పలుకు వేస్తే చాలు. అదీ వద్దనుకుంటే స్ప్రింగ్ వాటర్ డబ్బాలు రెండు తెచ్చుకోండి. ఆర్వో నీళ్ళతో మాత్రం వండకండి. అందులో కాల్షియం ఉండదు, మాల్ట్‌కు అది కాస్త కావాలి. నీళ్ళ రసాయనశాస్త్రం ఇంకా చాలా ఉంది, మొదటి వంటకు అదంతా అక్కర్లేదు.

"సంచి దింపి"

ఈ వంటలో గొప్ప పొదుపు ఈ రెండు మాటల్లోనే ఉంది. పెద్ద పద్ధతిలో మూడు పాత్రలుంటాయి. ఒకటి నీళ్ళు కాయడానికి, ఒకటి మాల్ట్ నానడానికి, ఒకటి మరగడానికి. నానే పాత్రకు అడుగున జల్లెడ, కుళాయి కావాలి. పిక్నిక్ కూలర్ పెట్టెలకు చిల్లులు పెట్టి దీన్ని తయారుచేసుకునేవాళ్ళు ఒక తరం నిండా ఉన్నారు. ఆస్ట్రేలియాలో ఇంటి బీరు చేసేవాళ్ళు 2000ల మధ్యలో ఆ మూడింటినీ ఒకటి చేశారు. గిన్నెలో గుడ్డసంచి పరిచి, అందులోనే మాల్ట్ నానబెట్టి, గంటయ్యాక సంచిని ఎత్తేస్తే మిగిలిన రసం అదే గిన్నెలో మరుగుతుంది. ఇదేదో చేతకానివాళ్ళ అడ్డదారి అన్నట్టు మొదట్లో పెద్దలు పెదవి విరిచారు. బీరు బాగానే వస్తుండటంతో క్రమంగా నోళ్ళు మూతపడ్డాయి.

సంచికి పల్చటి పాలియెస్టర్ వాయిల్ శ్రేష్ఠం, అంటే కిటికీ తెరలకు వాడే బట్ట. రంగు వేయనిది, కొత్తది కావాలి. గిన్నె మూతిని కప్పి, అంచు బయటికి మడిచేంత పెద్దది కుట్టించుకోవాలి. లోపల ఇరుకుగా ఉంటే మాల్ట్ ముద్దకట్టి, మధ్యలో పొడిగా మిగిలిపోతుంది. గిన్నె అడుగున స్టీలు పళ్ళెం ఒకటి బోర్లిస్తే పొయ్యి వేడికి సంచి మాడదు. పేలికల్లా వేలాడే ముడులేమీ వద్దు, అంచుకు నాలుగు బట్టల క్లిప్పులు పెడితే నిలుస్తుంది.

"71 డిగ్రీలకు కాచి"

మాల్ట్ గది వేడిమిలో ఉంటుంది. నీళ్ళలో పోయగానే అది వాటిని చల్లబరుస్తుంది. 21 డిగ్రీల కిలో మాల్ట్ 5 లీటర్ల నీళ్ళను నాలుగు డిగ్రీల దాకా దించుతుంది. అందుకే 67 కావాలంటే 71 దగ్గర మొదలు. అమెరికా పుస్తకాల్లో ఇవి ఫారన్‌హీట్‌లో 160, 152 అని ఉంటాయి.

"67లో గంట"

వ్యాఖ్య నిదానంగా నడవాల్సిన చోటు ఇది. మాల్ట్‌లో పిండిని కోసే ఎంజైములు ముఖ్యంగా రెండు. బీటా అమైలేజ్ పిండి గొలుసు చివరి నుంచి రెండేసి పూసల చొప్పున తుంచుతుంది. అలా వచ్చే మాల్టోజ్‌ను ఈస్ట్ ఇష్టంగా తింటుంది. ఆల్ఫా అమైలేజ్ గొలుసును ఎక్కడపడితే అక్కడ నరుకుతుంది. దాని నరుకుడులో ఈస్ట్ తినలేని పెద్ద ముక్కలు మిగిలిపోతాయి. నోట్లో బీరు చిక్కగా, నిండుగా అనిపించేది వాటి వల్లే. బీటాకు 60–65 డిగ్రీలు అనుకూలం, ఆపైన త్వరగా చచ్చిపోతుంది. ఆల్ఫా 70 దాటినా పనిచేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు 67 సంగతి అర్థమవుతుంది. అది రాజీ. 64లో పెడితే బీరు పలచగా, పొడిగా, కాస్త మత్తుగా వస్తుంది. 70లో పెడితే బరువుగా, తీపి మిగిలి వస్తుంది. మూడు డిగ్రీల తేడాలో బీరు స్వభావమే మారిపోతుంది. పాకం డబ్బాతో రానిది, ఖరీదైన గిన్నెతో కొనలేనిది ఈ మూడు డిగ్రీల అదుపే. అందుకే థర్మామీటరు మీద పెట్టిన డబ్బు వృథా కాదన్నాను. జ్వరం చూసుకునేది కాదు సుమా, 42తో దాని కథ ముగుస్తుంది. వంటకు వాడే డిజిటల్‌ది తెచ్చుకుని, కరుగుతున్న ఐసు నీళ్ళలో సున్నా చూపిస్తోందో లేదో ముందు చూసుకోవాలి. మరుగుతున్న నీళ్ళలో 100 చూపాలి, కానీ డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్ళో 95 దగ్గరే నీళ్ళు మరుగుతాయి, దాన్ని థర్మామీటరు తప్పు అనుకోకండి.

చూసేదానికి కూడా ఇది చక్కని ఘట్టం. మాల్ట్ పోసి గరిటెతో ఉండలు చితిపినప్పుడు గిన్నెలో ఉన్నది తెల్లబారిన గంజి. పది నిమిషాలకు అంచుల్లో తేట కనిపిస్తుంది. అరగంటకు తేనెరంగు రసం మీద పొట్టు తేలుతుంటుంది. గరిటెకు అంటుకుని తీపిగా బంక బంకగా ఉంటుంది. మొలకలెత్తించిన రాగుల పిండితో జావ కాచినవాళ్ళకు ఇది కొత్త కాదు. మామూలు రాగిపిండి జావ కంటే అది పలచబడటానికి కారణం ఇవే అమైలేజ్ ఎంజైములు.

చిన్న గిన్నెకున్న చిక్కు ఒక్కటే, త్వరగా చల్లారిపోతుంది. 5 లీటర్లు మూతపెట్టినా గంటలో ఐదారు డిగ్రీలు దిగిపోవచ్చు. దీనికి మార్గం ఓవెన్. ముందే అతి తక్కువ వేడికి పెట్టి, ఆపేసి, గిన్నెను లోపల పెట్టి తలుపు మూస్తే గంటకు ఒక డిగ్రీ దిగితే గొప్ప. ఓవెన్‌లో పట్టకపోతే పాత దుప్పటి చుట్టండి. మాటిమాటికీ మూత తీసి చూడటం మాత్రం మానుకోవాలి, చూసిన ప్రతిసారీ కొంత వేడి పోతుంది. పనిలో చాలా భాగం మొదటి అరగంటలోనే అయిపోతుంది కాబట్టి చివర్లో రెండు డిగ్రీలు దిగినా కంగారు అక్కర్లేదు.

పిండి అంతా మారిందో లేదో తెలియాలంటే తెల్ల సాసర్‌లో రెండు చుక్కల రసం వేసి, టింక్చర్ అయోడిన్ చుక్క కలపాలి. నల్లబడితే పిండి ఇంకా ఉంది, గోధుమరంగులోనే ఉంటే పని అయింది. పొట్టు ముక్క పడిందా, అది ఎప్పుడూ నల్లబడుతుంది, దాన్ని చూసి ఇంకో గంట పెట్టకండి. పరీక్షించిన రసాన్ని సింకులో పారబోయాలి, తిరిగి గిన్నెలో కాదు.

"మిగతా నీళ్ళలో ముంచి, పిండు"

మిగిలిన లీటరున్నర నీళ్ళను ఇంకో గిన్నెలో 75 డిగ్రీలు దాటకుండా వేడిచేసి, సంచిని ఐదు నిమిషాలు ముంచి ఊపితే మాల్ట్‌కు అంటిన తీపి దిగుతుంది. తరవాత సంచిని చిల్లుల గిన్నెలో పెట్టి, పళ్ళెంతో అదిమి పిండి, రెండు రసాలూ కలపాలి. ఏడున్నర లీటర్ల గిన్నెలో మాల్ట్‌నూ మొత్తం నీళ్ళనూ ఒకేసారి పోస్తే అంచు దాకా వచ్చి పొర్లుతుంది, అందుకే ఈ రెండు విడతలు.

సంచి పిండకూడదు, వగరు దిగుతుంది అని ఒక పూర్వపక్షం ఎప్పటి నుంచో ఉంది. వగరు పిండటం వల్ల రాదు. నీళ్ళు మరీ వేడెక్కినా, క్షారం పెరిగినా పొట్టులోని టానిన్లు దిగుతాయి. 75 దాటనివ్వకపోతే నిస్సంకోచంగా పిండుకోవచ్చు. చేతులు కాలకుండా రబ్బరు చేతితొడుగులు వేసుకోండి.

మిగిలిన పిప్పి రొట్టెల్లో కలుస్తుంది, మొక్కలకు ఎరువవుతుంది. కుక్కలకు బిస్కెట్లు చేసేవాళ్ళూ ఉన్నారు. తరవాత వేసే హాప్స్ పువ్వు తగలని పిప్పి అయితేనే సుమా. హాప్స్ కుక్కలకు విషం, ప్రాణం మీదికి తెస్తుంది.

"మూత లేకుండా గంట మరుగు"

లేత మాల్ట్‌ను వేడిచేస్తే డైమిథైల్ సల్ఫైడ్ పుడుతుంది. ఉడికిన మొక్కజొన్న, క్యాబేజీ వాసన దానిదే. మూత తీసి మరిగిస్తే ఆవిరితో పోతుంది, మూత పెడితే చుక్కలై మళ్ళీ గిన్నెలో పడుతుంది. అందుకే మూత వద్దు. మరుగు మొదలైన మొదటి పది నిమిషాలు అక్కడినుంచి కదలకండి. పాలు పొంగినట్టే పొంగి పొయ్యికంతా అంటుకుంటుంది. అది ఎండితే గోకి తీయాల్సిందే. నురుగు లేవగానే వేడి తగ్గించి, కాసిని చన్నీళ్ళు చిలకరిస్తే దిగుతుంది. నురుగు విరిగి, లోపల కోడిగుడ్డు తెల్లసొన తునకల్లాంటివి తేలాక ఆ గండం గడిచినట్టు.

"కాస్కేడ్ 8, 5, 10"

హాప్స్ ఒక తీగె పువ్వు. అందులోని ఆల్ఫా ఆమ్లాలు మరిగితే రూపు మారి చేదునిస్తాయి, నూనెలు మరిగితే ఎగిరిపోతాయి. చేదు కావాలంటే గంట మరగాలి, వాసన కావాలంటే మరగకూడదు. ఒకే పువ్వును మూడుసార్లు వెయ్యడంలో అంతరార్థం అదే. మొదటి 8 గ్రాములు చేదుకు, 5 రుచికి, పొయ్యి ఆపాక వేసే 10 వాసనకు.

గ్రాముల లెక్క ప్యాకెట్ మీది ఆల్ఫా శాతాన్ని బట్టి ఉంటుంది. ఈ పాఠం 5.5 శాతానికి రాసింది. మీకు దొరికింది 7 శాతం ఉంటే మొదటి విడత 6 గ్రాములకు కాస్త పైగా చాలు. బంగారం తూచే లాంటి చిన్న కాటా ఒకటి కావాలి, అది చవకే. విప్పిన ప్యాకెట్‌ను గాలి పిండేసి ఫ్రీజర్లో పెట్టకపోతే హాప్స్ ముదిరి, పాతపడ్డ జున్ను కంపు కొడతాయి.

కాస్కేడ్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే అమెరికా బీరు కొత్త రుచి దానితోనే మొదలైంది. అమెరికా వ్యవసాయశాఖ ఆరెగాన్‌లో పెంచిన ఈ రకం 1972లో బయటికొచ్చింది. నారింజ జాతి పండ్ల వాసన దీనిది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ 1975లో లిబర్టీ ఏల్‌లో వాడింది. తరవాత 1980లో కాలిఫోర్నియాలోని చీకోలో మొదలైన సియెరా నెవాడా వాళ్ళ పేల్ ఏల్ దీన్ని ఊరూరా పరిచయం చేసింది. ఆ బ్రూవరీ పెట్టిన కెన్ గ్రాస్‌మన్ అంతకుముందు అదే ఊళ్ళో ఇంటి బీరు సామాను దుకాణం నడిపినవాడు. మొదటి బ్రూవరీని పాలడెయిరీల పాత సామానుతో కట్టుకున్నాడు. సామాను చాలక ఆగిపోయామనేవాళ్ళకు ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

"ఐసులో పెట్టి 18కి చల్లార్చు"

19 లీటర్లు చల్లార్చడానికి రాగి గొట్టాల చుట్ట కావాలి. 4 లీటర్లకు సింకు చాలు. చన్నీళ్ళు నింపి గిన్నె దింపి, నీళ్ళు వెచ్చబడగానే మార్చి, మూడోసారి ఐసు వేస్తే అరగంటలో దిగిపోతుంది. త్వరగా ఎందుకంటే గోరువెచ్చటి తీపి రసం మనకన్నా ముందు సూక్ష్మజీవులకు విందు. ఆస్ట్రేలియా వాళ్ళు నీటి ఎద్దడికి ఇందులోనూ ఓ ఉపాయం కనిపెట్టారు. మరుగుతున్న రసాన్నే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నింపి బిగించేసి, మర్నాటికి దానంతట అదే చల్లారనిస్తారు. పనిచేస్తుంది, కానీ ఆ వేడిలో హాప్స్ చేదు ఇంకా పెరుగుతుంది కాబట్టి కొలతలు మార్చుకోవాలి.

మూలంలో లేనిది

మెదక్ సీమలోని కొలిచెలమ వంశంవాడైన మల్లినాథసూరి మూలంలో లేని మాట రాయనని నియమం పెట్టుకున్న వ్యాఖ్యాత. ఆ నియమం ఇక్కడ తప్పక తప్పదు. మూలంలో శుభ్రత మాటే లేదు, అలవాటైనవాళ్ళు దాన్ని రాసుకోరు. కాబట్టి అధ్యాహారం చేసుకోవాలి. పొయ్యి ఆపిన క్షణం నుంచి రసాన్ని తాకే ప్రతి వస్తువూ, అంటే బకెట్, మూత, గరిటె, గరాటు, ఈస్ట్ ప్యాకెట్ కత్తిరించే కత్తెర కూడా, ముందు కడిగి, తరవాత సూక్ష్మజీవులను చంపే ద్రావకంలో ముంచాలి. కడగడం వేరు, ముంచడం వేరు. మురికి మీద ఏ మందూ పనిచేయదు. స్టార్ శాన్ అనే ఆమ్లం లీటరు నీళ్ళకు ఒకటిన్నర మిల్లీలీటర్లు కలిపితే చాలు, ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంటే పని అయిపోతుంది, మళ్ళీ కడగక్కర్లేదు. నురుగు మిగిలినా బీరుకేం కాదు. పొయ్యి ఆపకముందు ఇంత చాదస్తం అక్కర్లేదు, మరుగే అన్నిటినీ చంపుతుంది. ఆపాక మాత్రం ఎంత చాదస్తమైనా తక్కువే.

"బకెట్‌లో పోసి, ఊపి, ఈస్ట్ 3 గ్రాములు"

తినుబండారాలకు వాడే ప్లాస్టిక్‌తో చేసిన రెండు గాలన్ల బకెట్ కొనండి. గాలన్ గాజు కూజాలు చూడ్డానికి బాగుంటాయి గానీ మూతి దాకా నిండితే మొదటి రెండు రోజుల నురుగు, గ్యాస్ పోవడానికి మూతకు పెట్టే గొట్టంలోంచి తన్నుకొచ్చి గోడకు కొడుతుంది. పోసేటప్పుడు ఎత్తు నుంచి పోసి, మూతపెట్టి బాగా ఊపాలి. మరిగిన నీళ్ళలో ప్రాణవాయువు ఉండదు, ఈస్ట్ పెరగడానికి అది కావాలి. బీరుకు గాలి మేలు చేసేది ఈ ఒక్క క్షణంలోనే. తరవాతెప్పుడు గాలి తగిలినా తడిసిన అట్టముక్క రుచి వస్తుంది.

బవేరియాలో 1516లో వచ్చిన బీరు శాసనం బార్లీ, హాప్స్, నీళ్ళు మాత్రమే వాడాలంది. ఈస్ట్ పేరు అందులో లేదు. ఆ జీవి చేసే పనిని పాశ్చర్ బీరు మీద రాసిన పుస్తకంలో వివరంగా చూపింది 1876లో. ఇప్పుడు పదకొండున్నర గ్రాముల ప్యాకెట్‌లో పొడిగా దొరుకుతుంది. యూఎస్-05 అన్న రకం ఎక్కడైనా ఉంటుంది, తప్పులను మన్నిస్తుంది. ఒక ప్యాకెట్ 20 లీటర్ల మాట కాబట్టి 3 గ్రాములు తూచుకుని, మిగతాది గట్టిగా మడిచి ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లోనే వాడేయాలి.

"18–20లో రెండు వారాలు"

గది వేడిమి కాదు, బకెట్ లోపలి వేడిమి. పులిసేటప్పుడు బీరు తనంతట తాను వేడెక్కుతుంది. 24 దాటితే ఘాటెక్కి, గోళ్ళరంగు తుడిచే ద్రావకం వాసన వస్తుంది. బకెట్‌ను నీళ్ళ టబ్బులో నిలబెట్టి, పాత టీషర్టు తొడిగి, అంచు నీళ్ళలో వేలాడేస్తే తడి పైకెక్కి చల్లబరుస్తుంది. టెక్సస్ ఎండాకాలంలో దానికి తోడు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఐసు సీసా టబ్బులో పడెయ్యాలి. ఫ్రిజ్ కొనమనేవాళ్ళ మాట వినకండి, కనీసం మొదటి ఏడాది.

బుడగలు ఆగాయంటే అయిపోయినట్టు కాదు. రసం సాంద్రత కొలిచే హైడ్రోమీటరే సాక్షి. ఈస్ట్ వేసే ముందు 1.052 దగ్గర చూపిన రసం 1.011 దగ్గరికి దిగి, రెండు మూడు రోజుల తేడాతో చూసినా కదలకుండా ఉంటే అయినట్టు. అప్పుడు ఆల్కహాల్ ఐదు శాతం పైచిలుకు. కొలవడానికి తీసిన వంద మిల్లీలీటర్లు నాలుగు లీటర్లలో తక్కువేమీ కాదు కాబట్టి రోజూ కొలవద్దు. తీసింది తిరిగి పొయ్యకుండా తాగెయ్యండి, ఎలా మారుతోందో నాలుకకు తెలుస్తుంది.

"లీటరుకు 6 గ్రాముల పంచదారతో సీసాలకెత్తు"

ఒక్కో సీసాకు 2 గ్రాముల చక్కెర. బీరులో మిగిలిన ఈస్ట్ దాన్ని తిని, మూత కింద గ్యాస్ పుట్టిస్తుంది. ఎక్కువైతే సీసా పేలుతుంది, ఇది మాటవరసకు అన్నది కాదు. పులియడం పూర్తికాకుండా నింపినా అదే జరుగుతుంది, గాజు ముక్కలు కళ్ళలో పడతాయి. అందుకే పైన హైడ్రోమీటరు అంటూ అంత పట్టుబట్టాను. సీసాలు గోధుమరంగువే కావాలి. పచ్చవాటిలో, తెల్లవాటిలో వెలుతురు సోకితే హాప్స్ చేదు విరిగి, అమెరికాలో స్కంక్ అనే జంతువు వదిలే కంపు వస్తుంది. మెలితిప్పి తీసే మూతల సీసాలకు ఇంటి మూత సరిగా బిగియదు. గొట్టం కొస సీసా అడుగున పెట్టి, చప్పుడు రాకుండా నింపండి. పది సీసాలు నిండుతాయి, అడుగు మడ్డి బకెట్‌లోనే మిగలాలి.

"మరో రెండు వారాలు"

గది వేడిమిలోనే, చీకట్లో. ఫ్రిజ్‌లో పెడితే ఈస్ట్ నిద్రపోయి గ్యాస్ పుట్టదు. వారానికి ఒక సీసా తెరిచి చూడొచ్చు. బుసకొట్టి పొంగితే మిగతావన్నీ వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి, పేలవు. పోసేటప్పుడు అడుగున అంగుళం వదిలేయాలి, అది ఈస్ట్.

స్నేహితులకు ఇవ్వచ్చు, పోటీలకు తీసుకెళ్ళచ్చు, అమ్మకూడదు. ఒక్క సీసా అమ్మినా ఫెడరల్ చట్టం ఇచ్చిన మినహాయింపు పోతుంది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఇక్కడి వంటింట్లో ఈ ప్రయోగం చేసి చూపిద్దామనుకునేవాళ్ళకు ఒక మాట. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1968 నాటి ఎక్సైజ్ చట్టం నడుస్తోంది. లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం దాని కింద నేరం, పది సీసాలైనా సరే. హైదరాబాద్‌లో లైసెన్సున్న మైక్రోబ్రూవరీలు ఉన్నాయి, తాగాలనిపిస్తే అక్కడికి వెళ్ళండి.